ఏడో బొమ్మకు సాక్షి

హైదరాబాద్,
నవంబర్ 12, 2023

ప్రియమైన ఊర్మిలా,

మీ ఊరికి ఇంకా సిగ్నల్ రాలేదని మా తమ్ముడు చక్రి చెప్పాడు. వాడు ప్రతి శుక్రవారం కోంట నుంచి కిష్టారం సంతకు సరుకు బండి తోలుతున్నాడట. కాబట్టి ఈ ఉత్తరం ఉప్పు బస్తాలకూ సబ్బుల పెట్టెలకూ మధ్య కూర్చుని నీ దగ్గరికి వస్తుంది. నూనె మరకలుంటే నా తప్పు కాదు.

నేను బాగానే ఉన్నాను. ముప్పై మూడు నిండాయి, కళ్లజోడు వచ్చింది, పెళ్లి రాలేదు. పని మాత్రం ఉంది. బొమ్మల కథలు గీస్తానంటే ఎదుటివాళ్లు వెంటనే "పిల్లలకా?" అంటారు. గ్రాఫిక్ నవల అంటే కాస్త గౌరవంగా తలాడిస్తారు. రెండూ ఒకటేనని చెప్పి ఆ గౌరవం పాడుచేసుకోను.

నీకు తెలిసిన నా చరిత్ర దోమతెరల దగ్గర ఆగింది. ప్రకటనల కంపెనీలో సబ్బు నురగ గీసి గీసి విసుగెత్తి మలేరియా పోస్టర్ల పని ఒప్పుకున్నాను కదా. తెరలో హాయిగా నిద్రపోతున్న ఆడమనిషిని గీస్తే, మీ ఊరివాళ్లు "పాపం, ఎప్పుడు పోయింది?" అని అడిగారని నువ్వే రాశావు. అప్పటినుంచి మనుషుల్ని పడుకోబెట్టి గీయడం మానేశాను. మూడేళ్ల కిందట కోంటలో మా కిరాణా కొట్టు మీద ఒక పుస్తకం వేశాను. పదకొండు వందల కాపీలు పోయాయి. మా నాన్న కాశయ్య గారు అందులో తన పొట్ట చూసి, "ఇంత లేదు" అని అట్ట మూసేశారు. ఆయన సమీక్ష అంతే.

ఇప్పుడు రెండోది గీస్తున్నాను. ఢిల్లీలో ఒక ప్రచురణ సంస్థ ఒప్పుకుంది. నక్సలైట్లకూ పోలీసులకూ మధ్య బస్తర్ నలిగిన ఆ గొడవల ఏళ్లలో ఊళ్లు వదిలి కోంట క్యాంపుకు వచ్చినవాళ్ల కథ. అందులో ముఖ్యమైన మనిషి మీ అన్న ఉంగ. మా కొట్లో బస్తాలు మోసిన ఉంగన్న, సైకిల్ మీద రెండు ఉప్పు బస్తాలు వేసుకుని చేతులు వదిలి తొక్కిన ఉంగన్న. మీరు క్యాంపు నుంచి ఊరికి తిరిగి వెళ్లాక, ఒక పొద్దున మిరపకాయ ఏరే పనికని సైకిలెక్కి వెళ్లి మళ్లీ రాలేదన్నంతవరకు నాకు తెలుసు. పన్నెండేళ్లు దాటింది.

నీ అనుమతి కావాలి. వద్దంటే ఆపేస్తాను. నూట ఎనభై పేజీలు గీసి పెట్టుకుని ఈ మాట అంటున్నాను, కాబట్టి కాస్త ఆలోచించి వద్దను. ఇంకోటి, మా ఎడిటర్ "చివరికి ఏమయ్యాడు?" అని పదే పదే అడుగుతోంది. తెలియదన్నాను. తెలియదన్నది ముగింపు కాదంటోంది. నీ దగ్గర ఏమైనా ఉంటే రాయి.

మీ అమ్మ జోగే పెద్దమ్మకు నా దండాలు చెప్పు.

నీ
ప్రవీణ


కిష్టారం సంత,
డిసెంబర్ 8, 2023

ప్రియమైన ప్రవీణకు,

నీ ఉత్తరానికి నూనె మరక లేదు, పసుపు మరక ఉంది. శుభమే అనుకున్నాను.

నా తెలుగులో తప్పులు దిద్దకు. క్యాంపు రోజుల్లో మీ అమ్మ కమలాకుమారి గారు మీ అరుగు మీద కూర్చోబెట్టి దిద్దించిన అక్షరాలే ఇప్పటికీ. బడిలో నేర్చిన హిందీ అంతా మితానిన్ పని, అంటే మీ ఆశా వర్కర్ పని, రిజిస్టర్లకు పోతుంది. ఎవరికి జ్వరం, ఎవరికి నెలలు నిండాయి, ఎవరికి ఎన్ని గోలీలు ఇచ్చాను, ఇదే రాత. ఇంట్లో మాట్లాడేది మా దోర్లి భాష. తెలుగు నీకు రాయడానికీ సంతలో బేరానికీ మిగిలింది.

అన్న బొమ్మ వేసుకో, నాకేం అభ్యంతరం లేదు. కుడి కనుబొమ్మ మీద గాటు ఉంటుంది, ఎడమ మీద వేసేవు. నవ్వితే పై చిగుళ్లు కనపడతాయి. చేతులు వదిలి సైకిల్ తొక్కడం మీ కొట్టు ముందు మాత్రమే, నువ్వు చూస్తావని. మా ఊరి దారిలో రెండు చేతులతో పట్టుకున్నా పడేవాడు. ఇన్నేళ్లయింది కాబట్టి చెబుతున్నాను.

అతను వెళ్లడానికి ముందు వారం అడవిలోంచి ఇద్దరు మనుషులు ఊరికి వచ్చారు. కోంటలో పని చేసి వచ్చినవాడు ఎవరికి కబుర్లు మోస్తున్నాడని అన్న గురించి అడిగారు. అన్న ఏమీ మోయలేదు, ఉప్పు తప్ప. అది పుస్తకంలో రాస్తావో లేదో నీ ఇష్టం. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు.

అమ్మ సంగతి అడిగావు. మా రేషన్ కార్డులో అన్న పేరు ఇంకా ఉంది. పంచాయతీ సచివ్ ఏడాదికోసారి వచ్చి, "పేరు కొట్టేద్దామా బాయీ" అని అడుగుతాడు. అమ్మ ఏటా ఒకటే జవాబు. "నువ్వు చూసినవా వాడు సచ్చింది? చూస్తే కొట్టెయ్." అతను టీ తాగి వెళ్లిపోతాడు. మంచివాడే.

ముగింపు నా దగ్గర ఉంటే మీ ఎడిటర్ కన్నా ముందు అమ్మకు ఇచ్చేదాన్ని. ఒక్కటే అడుగుతున్నాను. అన్నను నువ్వు చంపకు, నువ్వు బతికించకు. వెళ్లినవాణ్ణి వెళ్లినట్టే ఉంచు.

చక్రి హారన్ కొడుతున్నాడు. మీ తమ్ముడికి ఓపిక తక్కువ.

నీ
ఊర్మిల


హైదరాబాద్,
మార్చి 10, 2024

ప్రియమైన ఊర్మిలా,

ఆలస్యమైంది. మధ్యలో ఢిల్లీలో ఒక సభకు పిలిచారు. వేదిక మీద నన్ను "బస్తర్ గొంతు" అని పరిచయం చేశారు. బస్తర్‌కు ఉప్పు అమ్మినవాళ్ల అమ్మాయిని అని చెబుదామనుకున్నాను, చెప్పలేదు. శాలువా బాగుంది, ఏసీలో పనికొస్తోంది.

చివరి పేజీలు జిరాక్స్ తీసి పంపుతున్నాను. ముగింపు దొరికింది. చిన్నప్పుడు నాన్న సరుకు జీపులో మీ వైపు వస్తుంటే దారి పక్కన మీవాళ్లు నిలబెట్టిన రాళ్లు కనిపించేవి. పోయినవాళ్ల బతుకంతా కింద నుంచి పైకి గళ్లు గళ్లుగా, రంగు రంగులుగా వేసిన రాళ్లు. పశువులు, డోలు, సైకిల్, అన్నిటికన్నా పైన పిట్ట. నేను చదివిన మొదటి బొమ్మల కథలు అవే. అందుకని పుస్తకం చివర ఉంగన్నకు అలాంటి రాయి గీశాను. ఏడు గళ్లు, ఒక్క మాట కూడా లేదు. ఎడిటర్‌కు చాలా నచ్చింది.

నువ్వు చంపకు, బతికించకు అన్నావు. మర్చిపోలేదు. ఇది బొమ్మ, అంతకన్నా ఏమీ చెప్పదు. పుస్తకాల్లో ముగింపు అంటే ఇలాగే ఏదో ఒకటి ఉండాలి.

పెద్దమ్మకు కూడా చూపించు. ఆమె చూస్తే బాగుంటుంది. జూలైలో అచ్చుకు వెళ్తుంది, ఆలోగా ఏమైనా చెప్పదలచుకుంటే చెప్పు.

ఉత్తరం పొడిగా ఉందని నువ్వంటావు. పని ఎక్కువగా ఉంది.

ప్రేమతో,
ప్రవీణ


కిష్టారం దగ్గర,
ఏప్రిల్ 12, 2024

ప్రియమైన ప్రవీణకు,

నీ కాగితాలు వచ్చిన రోజు అమ్మ వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తోంది. చూపించమన్నావు కదా అని చూపించాను. అమ్మకు అక్షరాలు రావు, రాళ్లు చదవడం వచ్చు. చివరి కాగితం చూసి బుట్ట కింద పెట్టింది.

"ఇది ఎవరి రాయి?"

"అన్నది. ప్రవీణ గీసింది."

"ఎప్పుడు పోయిండు?"

ఇది పుస్తకం కోసం, ఉత్త బొమ్మ అన్నాను. "ఉత్తగ రాయి ఎవరేస్తరు ఊర్మిలా? ఆ పిల్ల పట్నంల ఉంటది. చూసే ఉంటది. మనకు మాటల్ల చెప్పలేక బొమ్మ పంపింది" అంది. నేను ఎంత చెప్పినా ఆ మాటే. నిజం చెప్పనా, రెండు రోజులయ్యాక నాకూ అదే అనుమానం వచ్చింది. బతికున్న మనిషికి రాయి గీయాలని మా ఊళ్లో పిచ్చివాళ్లకు కూడా తోచదు. నీకు తెలియక గీశావని అనుకోవడం కన్నా, తెలిసే గీశావనుకోవడం తేలిక.

తర్వాత జరిగినవి వరసగా రాస్తాను. అమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఆవపల్లి నుంచి మా మేనమామ వాళ్లు ఏడుస్తూ వచ్చారు. వానలకు ముందే రాయి నిలబెట్టాలని పెద్దలు తేల్చారు. పన్నెండు మంది వెళ్లి గుట్ట మీద నుంచి రాయి మోసుకొచ్చారు. రాళ్లకు బొమ్మలు వేసే లక్మాకు కబురు వెళ్లింది. నిన్న సచివ్ టీకి వచ్చాడు. అతను అడక్కముందే అమ్మ కార్డు చేతికిచ్చి, "కొట్టెయ్ సార్" అంది. అతనే కాసేపు కలం తీయలేదు.

నీకు ఏమైనా తెలుసా? శవాన్ని చూశావా? ఎవరైనా చెప్పారా? పెద్ద ఉత్తరం వద్దు, రెండు ముక్కలు చాలు.

నీ
ఊర్మిల


హైదరాబాద్,
ఏప్రిల్ 24, 2024

ప్రియమైన ఊర్మిలా,

నేను ఏ శవాన్నీ చూడలేదు. ఉంగన్న పోయాడని నాకెవరూ చెప్పలేదు. అది పుస్తకానికి గీసిన బొమ్మ.

అయినా పెద్దమ్మ రాయి నిలబెట్టాలనుకుంటే అడ్డుపడకు. పదమూడేళ్లు ఎదురుచూసింది. ఇక చాలని నాకూ అనిపిస్తోంది. రంగు డబ్బాలు ఇవ్వమని చక్రికి చెప్పాను, ఏ రంగు కావాలంటే అది తీసుకోండి.

ప్రవీణ


కిష్టారం దగ్గర,
మే 10, 2024

ప్రవీణకు,

రంగు డబ్బాలు అందాయి. నీలం, పసుపు, ఎరుపు, తెలుపు. మూతలు ఇంకా తీయలేదు. ఎందుకో రాస్తాను.

నువ్వు మా రాళ్లను జీపులోంచి చూశావు. వేసేటప్పుడు చూడలేదు. లక్మా రాయి ముందు కూర్చుని ఒక్కో బొమ్మకూ "ఇది ఎవరు చూసిండ్రు?" అని అడుగుతాడు. అక్కడున్నవాళ్లలో ఎవరో ఒకరు లేచి నేను చూశాననాలి. అప్పుడే కుంచె ముంచుతాడు. విన్నదీ అనుకున్నదీ రాయి మీద వేయడు. వేస్తే మొదటి వానకే రంగు ఊడుతుందని అతని నమ్మకం. చక్రి అమ్మే రంగు ఏదైనా రెండో వానకు ఊడుతుంది, అది వేరే సంగతి.

మొన్న అరవై మంది పోగయ్యారు. లక్మా నీ కాగితం మోకాలి మీద పెట్టుకుని కింది నుంచి మొదలుపెట్టాడు. బొగ్గుతో గీతలు ముందు, రంగు తర్వాత. బర్రె మీద కూర్చున్న పిల్లవాడు, ఎవరు చూశారు? అమ్మ లేచింది. డోలు కొడుతున్నది మా చిన్నాన్న చూశాడు. మీ కొట్లో బస్తా ఎత్తుతున్నది, చేతులు వదిలి సైకిల్ తొక్కుతున్నది నేను చూశాను. తేనెపట్టు దించుతున్నది కోసే అక్క చూసింది, అప్పుడు కుట్టిన చోటు కూడా చూపించింది. అందరూ నవ్వారు. క్యాంపు గుడిసెకు తాటాకు కప్పుతున్నది అమ్మ, నేను, ఇద్దరం చూశాం.

ఏడోది. అడవి దారిలో అన్న ఒక్కడే సైకిల్ తిరగేసి కూర్చుని, పగిలిన టైరులో వరిగడ్డి కుక్కుతున్నాడు.

"ఇది ఎవరు చూసిండ్రు?"

ఎవరూ లేవలేదు. లక్మా రెండోసారి అడిగాడు. అప్పుడు అమ్మ వచ్చి కాగితం మీద వేలు పెట్టింది. "ఇది వాడు పోయిన పొద్దున. చూడు, నడుముకు నేను కట్టిన సద్దిమూట ఉన్నది. ఇంటి కాడ టైరు మంచిగనే ఉండె. దారిల పగిలింది. వాడు ఒక్కడే ఉన్నడు." అంతసేపూ నెమ్మదిగానే మాట్లాడింది. "చూసినోడు ఒక్కడే. వాడే చెప్పిండు ఆ పిల్లకు. సచ్చినోడు చెప్పడు కదా."

లక్మా బొగ్గు జేబులో పెట్టుకున్నాడు. చేసిన వంట వృథా ఎందుకని అందరూ తిని వెళ్లారు. రాయి మా ఇంటి ముందు పడి ఉంది, పిల్లలు ఎక్కి కూర్చుంటున్నారు. మర్నాడే అమ్మ సచివ్ దగ్గరికి నడిచి వెళ్లి పేరు మళ్లీ ఎక్కించమంది. కాగితం పైకి వెళ్లిపోయింది, ఇప్పుడు ఎక్కించాలంటే మనిషిని తెచ్చి చూపించాలన్నాడు.

సద్దిమూట సంగతి నేను నీకు ఎప్పుడూ రాయలేదు. పోయాడని ఎవరూ చెప్పలేదని రాశావు. అది నిజమే అయి ఉంటుంది. నాకు ఒళ్లు మండుతోంది ప్రవీణా. ఈసారి రెండు ముక్కలు సరిపోవు.

ఊర్మిల


హైదరాబాద్,
మే 23, 2024

ప్రియమైన ఊర్మిలా,

అవును. ఉంగన్న బతికే ఉన్నాడు.

జనవరిలో బాల్కనీకి మొక్కలు కొందామని ఊరి చివర నర్సరీకి వెళ్లాను. చక్రితో ఫోన్‌లో మన యాసలో మాట్లాడుతుంటే, నీళ్లు పడుతున్న మనిషి పైపు వదిలేసి వచ్చాడు. "మీరు కాశయ్య సేటు బిడ్డ కాదా?" అన్నాడు. నేను మొదట గుర్తుపట్టలేదు. నవ్వాక చిగుళ్లు చూసి గుర్తుపట్టాను.

అక్కడ అతని పేరు రాంబాబు. భార్య నల్గొండ వైపు మనిషి. ఇద్దరు పిల్లలు, పెద్దది ఆడపిల్ల, ఎనిమిదేళ్లు. భద్రాచలం దగ్గర పుట్టి తల్లిదండ్రులు లేక పెరిగానని వాళ్లకు చెప్పుకున్నాడు. బోర్లించిన కుండీ మీద కూర్చుని గంటసేపు మాట్లాడాడు. ఆ పొద్దున సంగతి, సద్దిమూట, టైరులో గడ్డి, అన్నీ అతనే చెప్పాడు. గడ్డి దగ్గర నవ్వాడు కూడా.

ఎందుకు రాలేదని అడిగాను. "మొదట భయానికి రాలె. భయం పోయినంక ఏం మొకం పెట్టుకొని రావాలె? ఇప్పుడు ఈ పిల్లలకు నేనెవరని చెప్పాలె?" అన్నాడు. కార్డులో తన పేరు ఇంకా ఉందని నేనే చెప్పాను. అది విని, "అమ్మ అట్ల సూస్తనే ఉంటది. నాకో రాయి ఏయించు. ఒకసారి ఏడ్చి ఊకుంటది" అన్నాడు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

వెంటనే ఒప్పుకున్నాను. జాలిపడి అని నీకు రాయవచ్చు, జాలి కూడా ఉంది. కానీ ఎడిటర్ మూడు నెలలుగా అడుగుతున్న ముగింపు నా ఎదురుగా కూర్చుని తనంతట తను దొరికింది. తిరిగి వచ్చే ఆటోలోనే ఆ పేజీ చిత్తు గీసేశాను. నువ్వు వద్దన్న పని అది. చంపవద్దన్న మనిషిని చంపాను, అతనే అడిగాడు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఏడో గడి గురించి ఇంకా సిగ్గుగా ఉంది. అది ఉంటే ఎప్పటికైనా బయటపడుతుందని నాకు తెలుసు. గీసే పనిలో ఉన్నవాళ్లకు ఏ బొమ్మ బాగా కుదిరిందో తెలుస్తుంది. పుస్తకం మొత్తంలో అదే మంచి బొమ్మ. తీయాలని రెండుసార్లు కూర్చున్నాను, చేతులు రాలేదు.

నర్సరీ చిరునామా వెనక రాశాను. ఒట్టు పోయింది. నీకు చెబుతున్నట్టు అతనికి తెలియదు. పుస్తకం ఆపించాను. నువ్వు ఏదో ఒకటి చెప్పేదాకా అచ్చుకు వెళ్లదు. క్షమించమని అడగడానికి నాకు ముఖం లేదు, అందుకని అడగడం లేదు.

ప్రవీణ


కిష్టారం దగ్గర,
అక్టోబర్ 18, 2024

ప్రవీణకు,

నీ ఉత్తరం మే నెలాఖరుకే అందింది. వాగులు పొంగి చక్రి బండి రాలేదని రాస్తే నువ్వు నమ్ముతావు. వాగులు పొంగింది జూలైలో, అదీ మూడు సంతలు. మిగతా రోజులు నేనే రాయలేదు.

నీ ఉత్తరం అమ్మకు మొత్తం చదివి చెప్పాను. జూన్ మొదటి వారంలో అమ్మా నేనూ హైదరాబాద్ వచ్చాం. నీ ఇంటికి రాలేదు. సిటీ బస్సు మీ కాలనీ ముందు నుంచే పోయింది. బోర్డు చదివాను, అమ్మకు చెప్పలేదు. చెబితే దిగుదామనేది. నాకు నీ ముఖం చూడాలనిపించలేదు.

నర్సరీ బాగుంది. అమ్మ మొదట మొక్కలన్నీ చూసుకుంటూ నడిచింది. చిన్న కుండీలో వెదురు పెట్టి అమ్ముతుంటే, "దీన్ని కూడా కొంటరా ఈళ్లు?" అని నన్ను అడిగింది. అప్పుడు అన్న కనిపించాడు. జుట్టు పలచబడింది, కొద్దిగా పొట్ట వచ్చింది. పైపు పట్టుకుని ఒక తొట్టికి నీళ్లు పడుతున్నాడు. మమ్మల్ని చూశాడు. చూసి తల దించుకున్నాడు, కదలలేదు. తొట్టి నిండి నీళ్లు పొర్లుతున్నా పైపు అక్కడే పట్టుకుని నిలబడ్డాడు.

పాప పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఏం మొక్కలు కావాలి అవ్వా?" అంది. అమ్మ దాన్ని చూస్తూ ఉండిపోయింది. పాప మళ్లీ, "ఏ ఊరు మీది?" అని అడిగింది. షెడ్డులోంచి వాళ్ల అమ్మ కూడా వచ్చింది. ఇక అయిపోయింది, ఇప్పుడు అమ్మ నోరు తెరుస్తుంది, ఆ ఇల్లు ఏమవుతుందో అనుకున్నాను.

"దూరం బిడ్డా" అంది అమ్మ. "దారి తప్పి వచ్చినం. ఇన్ని నీళ్లు ఇయ్యి."

పాప చెంబుతో తెచ్చింది. వాళ్ల అమ్మ స్టూలు లాగి కూర్చోమంది. అమ్మ కూర్చుని చెంబెడు నీళ్లూ తాగింది. అన్న నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు. లేచేటప్పుడు అమ్మ పాప తల మీద చెయ్యి వేసి, "మీ నాయనకు చెప్పు, ఆ తొట్టి నిండింది, నీళ్లు ఆపమను" అంది. అన్న వంగి కొళాయి కట్టేశాడు. మేము వచ్చేశాం.

బస్సెక్కాం. సూర్యాపేట దాటాక అమ్మ ఏడ్చింది. బస్సులో వాళ్లంతా చూస్తున్నా ఆపలేదు. ఏడవడం అయ్యాక, "వానలు రాకముందే రాయి నిలబెడదాం" అంది.

"బతికున్నోడికా?" అన్నాను.

"వాడు అడిగిండు కదనే. పుట్టిన కాడి నుంచి నన్ను ఏం అడిగిండు వాడు? బిడ్డ అడిగితే ఇయ్యనా?"

లక్మాను మళ్లీ పిలిచాం. ఊళ్లోవాళ్లకు ఏమీ చెప్పలేదు. ప్రవీణకు ఆ టైరు సంగతి అన్న కోంటలో ఉన్నప్పుడు చెప్పి ఉంటాడని ఎవరో అన్నారు, అప్పటికి అన్న వెళ్లనే లేదన్న లెక్క ఎవరూ వేయలేదు. ఆరు బొమ్మలకూ రంగులు పడ్డాయి. ఏడోదానికి గడ్డి బొమ్మ వద్దంది అమ్మ. చిన్న పిల్ల ఒక ముసలామెకు నీళ్లిస్తున్నట్టు వేయమంది.

"ఇది ఎవరు చూసిండ్రు?" అన్నాడు లక్మా.

"నేను చూసిన" అంది అమ్మ. నేనూ లేచాను.

"ఉంగ రాయి మీద ఉంగ ఏడి మరి?"

"పక్కకు ఉన్నడు. తల దించుకొని ఉన్నడు."

లక్మా మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత పాప గౌను ఏ రంగో అడిగాడు. పసుపు అంది అమ్మ. అలాగే వేశాడు, పైన పిట్టను వేశాడు. జూన్ పద్దెనిమిదిన రాయి లేచింది. అమ్మ ఇప్పుడు పొద్దునే కళ్లాపి చల్లి, దారి వైపు చూడకుండా లోపలికి వస్తోంది. నాకు అది అలవాటు కావడం లేదు.

పుస్తకం వేసుకో. అమ్మ ఒప్పుకుంది. అన్న పిల్లలు ఎప్పటికైనా చదువుతారు, ఊరి పేరూ మా పేర్లూ మార్చమంది. గడ్డి బొమ్మ మాత్రం తీసెయ్. నీకు అది ఎంత బాగా కుదిరినా తీసెయ్. దాని బదులు పాప అమ్మకు నీళ్లిస్తున్నది గీయి. తొట్టి నిండి పొర్లుతూ ఉండాలి, అన్న ముఖం కనపడకూడదు.

ఆ ఒక్క పేజీ కింద నీ సంతకం పెట్టకు. ఇద్దరు ఆడవాళ్లు చూశారు అని రాయి.

ఊర్మిల